సిగ్నల్ బండ మీద నూకరత్నం ఫోను

ఆ గురువారం ఫోన్ల సంచి మోయడం మా ఇంటి వంతు.

మా పనసలొద్దిలో ఇంటింటా ఫోనుంది గానీ ఊళ్ళో సిగ్నల్ లేదు. చింతపల్లి నుంచి జీపులో గంట, జీపు దిగాక కాలిబాటన మరో గంట నడిస్తే మా ఊరు. ఊరి వెనక కొండ సగం ఎక్కితే ఒక బోడిబండ వస్తుంది. దాని మీద నిలబడితే రెండు గీతలు పడతాయి. అందరూ పనులు మానుకుని ఎక్కలేరు కాబట్టి, వారానికి రెండుసార్లు ఒక ఇంటివాళ్ళు ఊరందరి ఫోన్లూ గుడ్డసంచిలో వేసుకుని పైకి తీసుకెళ్తారు. గంటసేపు అక్కడ కూర్చుంటే రావలసినవి వస్తాయి, పోవలసినవి పోతాయి. ఒకరి ఫోను ఇంకొకరు తెరిచి చూడరు. మోగితే ఎత్తరు. ఇలా ఉండాలని ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసుకోలేదు.

మామూలుగా అయితే నా భయాలు వేరే ఉంటాయి. కాలు జారితే ఊరి ఫోన్లన్నీ లోయలో పడతాయేమో, ఎలుగుబంటి ఎదురొస్తే సంచి వదిలేసి పరిగెత్తాలా, సంచితో సహా పరిగెత్తాలా, ఇలాంటివి. ఆ రోజు అవేవీ గుర్తు రాలేదు. సంచిలో నూకరత్నం ఫోను ఉంది. ఆ ఫోనులో మా తోట ఫోటో ఉంది. అది బయటికి వెళ్తే మా కాఫీ సంఘం మునుగుతుందని, ముంచింది నేనేనని ఊరంతా అంటుందని నా భయం.

మా సంఘంలో నలభై రెండు తోటలున్నాయి. అన్నిటికీ కలిపి ఒకటే సర్టిఫికెట్: మందులూ ఎరువులూ వేయకుండా పండించిన కాఫీ అని. ఆ కాగితం ఉంటేనే మంచి కాఫీ కొనేవాళ్ళు మా కొండెక్కుతారు. దానికోసం ఏడాదికోసారి ఒకరి తోటను ఇంకొకరు చూసి, ఎలా ఉందో రాసివ్వాలి. మేం ఏళ్ళ తరబడి అందరి గురించీ "అంతా బాగుంది" అనే రాశాం. పక్కింటివాడి తోట గురించి చెడ్డగా ఎవడు రాస్తాడు? తెల్లారితే వాడి పెరట్లోంచే కదా నీళ్ళకు వెళ్ళాలి. కిందటేడు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళ తరఫున తనిఖీకి వచ్చిన సత్యకుమారి మేడమ్ ఆ కాగితాలన్నీ తిరగేసి, "నలభై రెండు తోటల్లో ఒక్క పొరపాటు కూడా లేదా? మీరు తోటలు చూడటం లేదు, మొహాలు చూసుకుంటున్నారు" అంది. ఇంకొక్క ఏడు చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే సర్టిఫికెట్ రద్దు చేయమని రాస్తానని చెప్పి వెళ్ళింది.

అప్పుడే మా అమ్మాయి సోని విశాఖలో ఉద్యోగం మానుకుని ఇంటికి వచ్చింది. నర్సీపట్నంలో కంప్యూటర్ల డిగ్రీ చదివింది. ఉద్యోగంలోంచి తీసేశారేమో, ఏదైనా జబ్బేమో, ఎవరైనా ఏమైనా అన్నారేమో అని నెలరోజులు దాని మొహమే చూస్తూ గడిపాను. అవేవీ కావు. తన స్నేహితులిద్దరితో కలిసి మా సంఘం కోసం ఫోన్లో నడిచే యాప్ ఒకటి తయారుచేసింది. తోట చూడటానికి వెళ్ళినవాళ్ళు ఫోటో తీసి, మైకు బొమ్మ నొక్కి, చూసింది నోటితో చెబితే చాలు; సిగ్నల్ అందగానే అది దానంతటదే వెళ్ళిపోతుంది. నేను ఏడో తరగతి. నాకే అర్థమయిందంటే ఎవరికైనా అవుతుంది. ఎవరి తోట ఎవరు చూడాలో కూడా అదే చెబుతుంది. ఈ ఏడు మా తోటకు నూకరత్నం పడింది.

"ఊర్లో ఇంకెవులూ దొరకనేదేటే నీ యాపుకి?" అని సోనిని నిలదీశాను.

"నాను వెయ్యనేదమ్మా. సుట్టాల తోట సుట్టాలు సూడకూడదని దానికి సెప్పినాను. అంతే."

"ఈ ఊర్లో సుట్టం కానోలు ఎవులున్నారే?"

"అదే కదా! ఎవులికెవులేటవుతారో రాసి పెడితే తోట సూడ్డానికి ఒక్కరూ మిగల్నేదు. అందుకని, మాటల్లేనోలిని సుట్టాల్లోంచి తీసీసినాను" అని నవ్వింది.

నూకరత్నం నాకు వరసకు ఆడపడుచు. రెండేళ్ళుగా మాకు మాటల్లేవు. దాని మేకలు నా మిరియపు మొక్కలు ముప్పై తినేశాయి. "మేకలకి గట్టు తెలుస్తాదేటి?" అంది. "మేకలకి తెలీదు, మడుసులకి తెలీదేటి?" అన్నాను. అక్కడితో ఆగిపోయింది. అప్పటినుంచి నన్ను ఏమైనా అనాలంటే అది తన కోడిని తిడుతుంది, నేను మా కుక్కను తిడతాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఆ గురువారానికి పదిహేను రోజుల ముందు మా అన్నయ్య దిగువ ఊరి నుంచి కొత్తబియ్యం పంపాడు. పంపింది యూరియా సంచిలో. ఎరువు సంచి ఖాళీది కూడా తోటలోకి రాకూడదని సంఘం నియమం. ఎంత దులిపినా దాంట్లో కొంచెం మిగిలే ఉంటుందట. ఆ నియమం చదివినప్పుడు అందరితోపాటు నేనూ చెయ్యెత్తాను. తెలిసీ, గట్టి సంచి కదా, పారేయబుద్ధి కాలేదు. రెండుసార్లు ఉతికి చూరులో దోపాను. శనివారం కాఫీ పళ్ళు కోయడానికి వెళ్తుంటే ముసురు పట్టేలా ఉందని నెత్తిన వేసుకోవడానికి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం నిజంగానే చినుకులు పడ్డాయి. బుట్టలో పళ్ళు తడిస్తే, తూకం కోసం నీళ్ళు చల్లానని అంటారేమోనన్న భయం పట్టుకుంది. నా నెత్తి తడిసినా ఫరవాలేదని ఆ సంచి తీసి పళ్ళ మీద కప్పాను. సాయంత్రం ఆ బుట్ట అందరి పళ్ళతో కలిసి తొక్కతీసే మిషనులోకి వెళ్ళిపోయింది. తడిసిన సంచిని, కాఫీకి నీడ కోసం పెంచే సిల్వరోకు చెట్టు కొమ్మకు తగిలించి, మరచిపోయాను.

మంగళవారం నూకరత్నం మా తోట చూడటానికి వచ్చింది. నేను పై గట్టున పళ్ళు కోస్తున్నాను. అది చెట్టు చెట్టూ చూసుకుంటూ వచ్చి సిల్వరోకు దగ్గర ఆగింది. ఫోను పైకెత్తింది. అప్పుడు గానీ సంచి నా కంటపడలేదు. అది వెళ్ళిపోయేదాకా చెట్టు చాటున కూర్చుని, తరవాత పరిగెత్తి సంచి లాగేసి, ఇంటికి తెచ్చి కట్టెల కింద దాచాను. మా ఆయనకు చెప్పలేదు. సోనికి అసలే చెప్పలేదు.

ఆ సాయంత్రం సోని గంజి తాగుతుంటే మాటల్లో పెట్టి అడిగాను. "ఒలే, యాపులో ఎవులైనా తప్పు ఫోటో ఎడితే తుడిసీడానికి అవదేటి?"

"అవదు."

"ఆలకి అవదు. కట్టినదానివి, నీకవుతాది కదేటి?"

"నాకూ అవదమ్మా. కావాలనే పెట్టుకోనేదు. తుడిసీసే గుండీ నా సేతిలో ఉంటే ఊరోలు యాపుని కాదు, నన్ను నమ్మాల. రేపు నాకెవులి మీదన్నా కోపమొస్తే? నీ మీద జాలేస్తే?" అని, గ్లాసు దించి నా వంక చూసింది. "ఏటమ్మా, ఎవులి తోటలో ఏటయింది?"

"ఏటీ నేదు. ఊరికే అడిగినాను" అన్నాను.

ఎందుకు లేదన్నానో ఇప్పటికీ తెలీదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నోరు దానంతటదే అలా అనేసింది.

గురువారం పొద్దున్నే ఒక్కొక్కరూ వచ్చి ఫోన్లు ఇచ్చి వెళ్తున్నారు. అందరికంటే ఆఖరున నూకరత్నం వచ్చింది. రెండేళ్ళలో మా గడప దగ్గరకు రావడం అదే మొదలు. నా వంక చూడకుండా సంచి వంక చూస్తూ మాట్లాడింది.

"చార్జింగు తక్కువున్నాది. ఆపీసినాను. పైకెల్లినాక పక్కనున్న గుండీ నొక్కి పట్టుకుంటే వెలుగుతాది."

"అలగే" అన్నాను, నేనూ సంచితోనే.

కొండెక్కుతుంటే నాకు దారి కనబడలేదు. గుండీ నొక్కకపోతే చాలు. తీసేయక్కర్లేదు, పగలగొట్టక్కర్లేదు, ఏమీ చేయక్కర్లేదు. కిందికి వచ్చి "చార్జింగు అయిపోనాది, వెలగనేదు" అంటే అయిపోతుంది. మళ్ళీ ఆదివారం వంతు వేరేవాళ్ళది. అప్పటికి ఏదో ఒకటి జరగకపోతుందా? ఫోను పాడవచ్చు. నూకరత్నం మనసు మారవచ్చు. నొక్కితే ఏమవుతుందో మాత్రం కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. మేడమ్ సర్టిఫికెట్ రద్దు చేస్తుంది. నలభై రెండు ఇళ్ళ ముందూ నేను తలదించుకుని నడవాలి. కూతురు కట్టిందాన్ని తల్లే కూల్చిందంటారు. సోని ఆ మాట పడలేక మళ్ళీ జీపెక్కి వెళ్ళిపోతుంది.

బండ మీద కూర్చుని సంచి విప్పాను. గాలి చల్లగా కొడుతోంది. సిగ్నల్ అందగానే ఫోన్లు ఒకదాని తరవాత ఒకటి కూయడం మొదలుపెట్టాయి. కొండబాబు మావ ఫోను మూడుసార్లు మోగి ఆగింది. రమణి ఫోను పాట పాడింది. నా ఫోను కూడా ఏదో కూసింది. నూకరత్నం ఫోను ఒక్కటే నల్లగా, చప్పుడు లేకుండా నా ఒళ్ళో ఉంది.

అరగంట అలా కూర్చున్నాను. ఇంకో అరగంటలో దిగిపోవచ్చు.

అప్పుడొక అనుమానం వచ్చింది. దీంట్లో ఏముందో నూకరత్నానికి తెలుసు. ఎవరి తోటలో తీసిందో తెలుసు. ఈ రోజు వంతు ఎవరిదో కూడా తెలుసు. ఆదివారం దాకా ఆగవచ్చు. తనే ఎక్కి రావచ్చు, దాని కాళ్ళు నా కాళ్ళకంటే గట్టివి. అయినా తెచ్చి నా చేతిలో పెట్టింది, అదీ ఆపేసి. పరీక్ష పెడుతోందా? దొరికిపోతే ఊళ్ళో పరువు తీద్దామనా? ఎంత తిప్పి ఆలోచించినా అది కుదరలేదు. పరీక్ష పెట్టేది వెనకాల ఎవరినైనా పంపుతుంది కదా. వెనక్కి తిరిగి చూశాను. తుప్పలూ గాలీ తప్ప ఎవరూ లేరు. దానికి చార్జింగు తక్కువుంది, నా వంతు వచ్చింది, అందుకని ఇచ్చింది. ఊళ్ళో అందరూ ఇచ్చినట్టే. నేను నొక్కకుండా ఉంటానన్న ఆలోచన కూడా దానికి వచ్చి ఉండదు.

ఆ ఆలోచన వచ్చింది నాకు. నాకే వచ్చింది.

గుండీ నొక్కి పట్టుకున్నాను.

అది వెలగడానికి చాలాసేపు పట్టింది. వెలిగాక రెండు గీతలూ పడ్డాయి. ఓ నిమిషానికి "టింగు"మంది. పోయింది. ఇక నా చేతుల్లో ఏమీ లేదు. సర్వనాశనం అయిపోయిందనే అనుకున్నాను.

మరుక్షణం నా ఫోను "టింగు"మంది.

తీసి చూస్తే మా సిల్వరోకు చెట్టు, దాని కొమ్మకు ఆ సంచి. కింద మైకు బొమ్మ. నొక్కితే నూకరత్నం గొంతు. ఈసారి కోడితో కాదు, నాతోనే.

"గంగొదినా, నాను నూకరత్నాన్ని. మీ సిల్వరోకుకి యూరియా సంచొకటి యేలాడతన్నాది. ఎలాగొచ్చిందో నాకు తెల్దు. సూసింది సూసినట్టు పెట్టినాను. మిగతా తోటంతా బాగున్నాది. మిరియపు తీగలు బాగా పాకినాయి. నువ్వేటి సెప్తావో సెప్పు."

దాని కింద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "ఇది ముందుగా మీకే వచ్చింది. మీరేం చెబుతారు? రెండు రోజుల తరవాత వాళ్ళ మాట, మీ మాట కలిపి సంఘంలో అందరికీ వినిపిస్తాం."

ఈ సంగతి సోని మీటింగులో చెప్పిందట. నేను ఆ వేళ టీ కాస్తున్నాను. టీ సరిపోదేమో, సరిపోకపోతే ఎవరికి పోయకుండా ఊరుకోవాలో అని లెక్కలు వేసుకుంటూ సగమే విన్నాను. ఒకరి మీద ఒకరు చెప్పిన మాట ఊరంతా పాకాక గానీ ఆ మనిషి చెవిన పడదు మా దగ్గర. ఎక్కడైనా అంతేనేమో. ఇదేమో ముందు నన్ను అడుగుతోంది.

మైకు బొమ్మ నొక్కాను. మొదటిసారి గాలి చప్పుడే పడింది. రెండోసారి రేషను ఆఫీసులో చెప్పినట్టు "నా పేరు గంగ, భర్త పేరు గాసి, ఊరు పనసలొద్ది" అని మొదలుపెట్టి, ఇక ఆపుకోలేకపోయాను. సంచి మా అన్న దగ్గర నుంచి వచ్చిందని, నియమం తెలిసే ఉంచుకున్నానని చెప్పాను. అక్కడితో ఆపేసి ఉండొచ్చు. ఫోటోలో ఉన్నది చెట్టుకు వేలాడే సంచి ఒక్కటే. శనివారం పళ్ళ మీద కప్పిన సంగతి నాకు తప్ప దేవుడికే తెలుసు. అదీ చెప్పేశాను. "ఆ పళ్ళు అందరి పళ్ళల్లోనూ కలిసిపోనాయి. తప్పు నాది. మా సోనికి తెల్దు. దాన్నేటీ అనకండి" అన్నాను. అదీ "టింగు"మని పోయింది.

దిగి వచ్చి, ఎవరి ఫోను వాళ్ళకు ఇచ్చేసి, మా ఆయన్నీ సోనినీ కూర్చోబెట్టి చెప్పాను. మా ఆయన అంతా విని, "మంగలారం నుంచి కూరలో ఉప్పుండటం నేదు. ఉప్పు కొండెక్కిపోనాదేటి అనుకున్నాను" అన్నాడు. సోని లేచింది. లోపలికెళ్ళి తన కంప్యూటరు ముందు కూర్చుంది. అది ఏడుస్తోందేమోనని తలుపు చాటు నుంచి చూశాను. ఏదో వెతుకుతోంది.

"అమ్మా, శనివారమేనా? గట్టిగా సెప్పు. శుక్కరవారం కాదు కదా?"

"శనారమే. సంతకెల్లిన మరసనాడు."

"అయితే ఐదో బల్ల, ఆరో బల్ల. అంతే" అంది. దాని గొంతులో కోపం లేదు.

ఏ రోజు పళ్ళు ఏ బల్ల మీద ఆరబోశారో కూడా యాపులో ఉంటుందట. మొత్తం పద్నాలుగు బల్లల్లో రెండే అనుమానం. నేను చెప్పకుండా, ఎప్పుడో గింజల పరీక్షలో బయటపడి ఉంటే, పద్నాలుగూ పోయేవి.

శనివారం సాయంత్రం మిషను షెడ్డులో అందరూ చేరారు. సంఘం పెద్ద కొండబాబు మావ పగలే బండెక్కి ఆ రెండు మాటలూ ఫోనులోకి తెచ్చుకున్నాడు. చిన్న స్పీకరు పెట్టి ముందు నూకరత్నం మాట, వెంటనే నా మాట వినిపించాడు. నేను షెడ్డు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. "భర్త పేరు గాసి" అనగానే జనం గొల్లుమన్నారు.

"ఒదినా, ఆధారు నెంబరు కూడా సెప్పీవలసింది!" అని ఎవరో అరిచారు.

నవ్వు ఆగాక రమణి లేచింది. "నవ్వులు బాగానే ఉన్నాయి. పోయిన శనివారం మాయి కూడా మూడు బుట్టలు అందులోనే ఉన్నాయి. ఈవిడ సంచికి మా పళ్ళెందుకు పోవాల?"

నేననుకున్నది మొదలైందని కళ్ళు మూసుకున్నాను.

"పోవు. ఆ రెండు బల్లలూ యేరేగా ఉంచి మామూలు కాఫీ కింద అమ్ముదుం" అన్నాడు కొండబాబు మావ. "తేడా ఎంత వొస్తే అంతా సంఘం భరించాల. గంగమ్మ సెప్పబట్టి రెండు బల్లలు. సెప్పకపోతే నీ మూడు బుట్టలే కాదు, నీ ఏడాది పంటా అందులోనే ఉండును."

రమణి కూర్చుంటూ, "సంచి అంత బాగుంటే నాకియ్యకపోయినావా, ఇంట్లో ధాన్యం పోసుకుందును" అంది. మళ్ళీ నవ్వారు.

అప్పుడు కొండబాబు మావ గొంతు సవరించుకున్నాడు. "మరి... ఆడకూతురు సెప్పీసింది. పెద్దోన్ని నాను దాసుకుంటే బాగోదు. మా పనసచెట్టుకి సీమలెక్కతన్నాయని సీమలమందు గీత గీసినాను. కాఫీ మొక్కలకి దూరమే గానీ, తోటలోనే."

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఇంకొకరు, తమ తోట పై గట్టున దిగువ చుట్టాలు కూరగాయలకు ఏదో పిచికారీ చేస్తే ఊరుకున్నానని చెప్పారు. సోని ఒక్కొక్కరినీ ఆపి, "నాకు కాదు, ఇందులో సెప్పండి" అని ఫోను చేతికిస్తోంది. చీకటి పడేలోగా నాతో కలిపి ఏడుగురయ్యారు. ఆ యాప్ పెట్టి నాలుగు నెలలైంది. అప్పటిదాకా అందులోనూ "అంతా బాగుంది" తప్ప ఇంకో మాట పడలేదట. సోని ఆ సంగతి మాకెవరికీ చెప్పకుండా తనలో తనే బెంగపడుతోంది. దాని మొహం అంతలా నేను చూస్తూనే ఉన్నాను, ఆ బెంగ మాత్రం కనిపెట్టలేకపోయాను.

ఇంటికి వెళ్తుంటే నూకరత్నం నా పక్కన నడిచింది.

"రత్నం, అంత తెలిసీ ఫోను నా సేతికెందుకిచ్చినావే?" అని అడిగాను.

"ఎవులి సేతికియ్యాల మరి? వొంతు నీదే కదా" అంది. అంతే. దానికి నా ప్రశ్నే అర్థం కాలేదు. నాలుగడుగులు వేశాక, "మేకలకి కంచె కట్టినాను. సూసినావా?" అంది.

"సూసినాను. వొంకరగా కట్టినావు" అన్నాను.

"నీ మొగున్ని పంపు మరి, సరిగ్గా కడతాడు" అంది.

మూడు వారాలకు సత్యకుమారి మేడమ్ వచ్చింది. ఆవిడ జీపు దిగి నడిచి వచ్చేదాకా నేను పది రకాలుగా చచ్చి బతికాను. ఊళ్ళో ఊరుకున్నారు గానీ, పైవాళ్ళు ఊరుకుంటారా? తప్పులు ఒప్పుకున్న వాళ్ళను ఎవరు వదిలారు ఎక్కడైనా? ఆవిడ మొహంలో నవ్వు లేదు. షెడ్డులో బల్ల ముందు కూర్చోగానే సోనిని అడిగింది: "బాగున్నవి తరవాత చూస్తాను. బాగోలేనివి ఏవైనా ఉన్నాయా, ఎప్పటిలాగే లేవా?"

"ఏడున్నాయి మేడమ్" అంది సోని.

ఆవిడ తలెత్తి చూసింది. చెవులకు తీగలు పెట్టుకుని ఏడూ విన్నది. వింటూ మధ్యలో ఒకసారి పెదవి బిగించింది. అది కోపమో నవ్వో నాకు తెలియలేదు. తరవాత ఐదో బల్ల, ఆరో బల్ల వేరుగా కట్టి ఉంచిన మూటలు చూసింది. కొండబాబు మావ తోటకు వెళ్ళి పనసచెట్టు మొదలు గీకి చూసింది. తిరిగి వచ్చి గంగ ఎవరని అడిగింది.

నేను ముందుకు వెళ్ళాను.

"పళ్ళ మీద కప్పిన సంగతి మీరు చెప్పకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"తెలీదమ్మా."

"మరి ఎందుకు చెప్పారు?"

"నన్ను అడిగిందమ్మా. అందరికీ సెప్పకముందు నన్ను అడిగింది" అన్నాను.

"ఎవరు?"

"ఫోను" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నూకరత్నమే అయి ఉంటుంది.

ఆవిడ నవ్వలేదు. సోని వైపు తిరిగి, ముందు తోటవాళ్ళకే వెళ్ళేలా ఎందుకు పెట్టావని అడిగింది. సోని కొంచెం ఆలోచించి చెప్పింది: "మావాళ్ళకి తప్పు చెప్పడం కష్టం కాదు మేడమ్. నలుగురి నోటా విన్నాక చెప్పడం కష్టం. అప్పుడు చెబితే ఒప్పుకోవడం అవుతుంది. ముందు అడిగితే చెప్పడమే అవుతుంది."

మేడమ్ చాలాసేపు రాసుకుంది. ఆ రాత ఎంతకీ అవ్వకపోతే, అంత పొడుగు రాసేది రద్దు చేయడానికేనని తేల్చుకున్నాను. ఆఖరికి కలం మూసి, కొండబాబు మావతో అంది. "మిగతా బల్లల గింజలు కొంచెం పరీక్షకు తీసుకెళ్తాను, అది ప్రతి ఏడూ చేసేదే. మీ సంఘం మీద కిందటేడు నేను రాసిన అభ్యంతరం తీసేస్తున్నాను. ఈసారి మీరు తోటలు చూశారు. సర్టిఫికెట్ ఉంటుంది."

షెడ్డులో ఒక్కసారిగా ఎంత గోలయిందంటే చూరు మీది పిట్టలు ఎగిరిపోయాయి. మా ఆయన ఎవరినో కౌగిలించుకున్నాడు. రమణి అందరికంటే గట్టిగా అరిచింది. నేను మాత్రం ఎండబెట్టే బల్ల పక్కన నేల మీద కూర్చుండిపోయాను. సోని జనంలోంచి బయటికి వచ్చి నా పక్కన కూర్చుని భుజానికి తల ఆనించింది. విశాఖ నుంచి వచ్చాక అది అలా కూర్చోవడం అదే మొదలు. మంచు విడిచి ఎండ బాగా కాసింది. గింజలు తిరగేయాల్సిన వేళయిందని ఎవరో కేకేస్తే, లేచి చెరోవైపు నిలబడి బల్ల మీద చేతులు వేశాం.